బావ వద్దన్న సీసా

మా బావ పోయాడు. ఉప్పల్ మెట్రో స్టేషన్ మెట్లు ఎక్కుతుంటే మేనల్లుడి ఫోన్ వచ్చింది. "మామా, డాడీ పోయిండు" అన్నాడు. ఎన్ని గంటలకు, ఏ వార్డులో అని అడిగాను. ఎవరు పోయినా రిపోర్టర్ మొదట అడిగేవి అవే కాబట్టి నోటికి అవే వచ్చాయి. వాడు ఓపిగ్గా చెప్పాడు. చివర్లో "ఇంటికి తెస్తున్నం. అమ్మ నిన్ను జల్ది రమ్మంటుంది" అన్నాడు. వెనక్కి దిగి, రోడ్డు దాటి, నాచారం పోయే ఆటో ఎక్కాను.

బావ అంటే మా అక్క భర్త. నాచారం పారిశ్రామికవాడలో ఫిట్టర్. ఫ్యాక్టరీ మూతపడ్డాక పోచారం వైపు అపార్ట్‌మెంట్లలో మోటార్లు, పైపులు చూసుకునే మెయింటెనెన్స్ మనిషి. కాలేయం చెడిపోయి చనిపోయాడు. తాగి పోయాడని బంధువులంతా అన్నారు. అది సగం వార్త. తాగాడు, మానేశాడు, మానేసిన చాలా ఏళ్ళకు పోయాడు. నడిమి ముక్క తీసేస్తే అది మా బావ కథ కాదు, ఎవరి కథైనా కావచ్చు.

పోయే ముందు తను నన్ను కోరింది ఒక్కటే. పిట్టకు పెట్టే రోజు తన ఆకులో మందు సీసా పెట్టనివ్వద్దని. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మాలో మట్టి ఇచ్చిన మూడో నాడు పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి తీసుకెళ్తాం. సమాధి మీద ఆకు పరిచి పెడతాం. కాకి వచ్చి ముట్టేదాకా దూరంగా నిలబడి చూస్తాం. మగవాడైతే మాంసం పక్కన సీసా ఉంటుంది. ఎవరో ఒకరు మూత తీసి మట్టి మీద పోస్తారు. వద్దని ముందే చెప్పి పోయినవాడిని నేను బావను తప్ప ఇంకొకరిని చూడలేదు.

అక్క పెళ్ళైన కొత్తలో నేను వాళ్ళింట్లో ఉండి చదువుకున్నాను. ఆ ఇంట్లో గడియారం చూసేవాళ్ళు కాదు. ఫ్యాక్టరీ సైరన్‌కు బియ్యం కడిగేవాళ్ళు, సైరన్‌కు టిఫిన్ డబ్బా కట్టేవాళ్ళు, సైరన్‌కు పొయ్యి మీద చాయ్ పెట్టేవాళ్ళు. బావ పని నుంచి వచ్చి గ్రీజు చేతులు రంపపు పొట్టుతో రుద్ది కడుక్కుని, నా పుస్తకాలు తిరగేసేవాడు. ఏమీ అర్థం కాకపోయినా పేజీలు లెక్కపెట్టినట్టు తిప్పి, "మస్తు ఉన్నయిరా, ఎప్పుడు సదువుతవు ఇవన్ని" అనేవాడు. అప్పట్లో బావ పండగకో దావత్‌కో తాగేవాడు. అందరిలాగే.

ఒకసారి పండగ సెలవు అయిపోయి పనికి వెళ్తే గేటుకు నోటీసు అంటించి ఉంది. లాకౌట్. బావ, బావ వాళ్ళ అన్న ఇద్దరిదీ అదే ఫ్యాక్టరీ. ఆ అన్నను నేను పెద్దబావ అంటాను. గేటు ముందు టెంటు వేసుకుని కార్మికులంతా కూర్చున్నారు. నేను అప్పటికి పేపర్లో కొత్తగా చేరాను. ఆ వార్త నేనే రాశాను. లోపలి పేజీలో, సంతాప ప్రకటనల పైన చిన్నగా వచ్చింది. బావ దాన్ని కత్తిరించి తెచ్చి నా ముందు పెట్టి, బెత్త ఆనించి చూపించాడు. "సూడు బామ్మర్ది. ఇంతమంది బతుకులు బెత్తెడు జాగల పట్టినయి. మస్తు సర్దినవయ్యా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

టెంటులో సాయంత్రాలు తాగడం మొదలైంది. ఎవరు తెస్తారో తెలియదు, రోజూ వచ్చేది. టెంటు తీసేశాక కూడా అది ఆగలేదు. సాయంత్రం నుంచి మధ్యాహ్నానికి, మధ్యాహ్నం నుంచి పొద్దుటికి జరిగింది. అక్క ఇంట్లో జాకెట్లు కుట్టి ఇల్లు నడిపింది. ఒకనాడు బావ కుట్టు మిషన్ అమ్మడానికి ఆటో మాట్లాడుకుని వచ్చాడు. అక్క మిషన్ మీద ఎక్కి కూర్చుంది. "నన్ను సుత కలిపి అమ్ముకరా పో" అంది. ఆటోవాడు కాసేపు నిలబడి, "వదినమ్మతోని ఐతే నా బండి పట్టదన్నా" అని వెళ్ళిపోయాడట. ఈ సంగతి బావే తర్వాత దావత్‌లలో చెప్పి నవ్వించేవాడు. అక్క మాత్రం ఏనాడూ నవ్వలేదు.

మానేయడం వెనక పెద్ద సంఘటన ఏమీ లేదు. పక్కింటివాళ్ళ నల్లా కారుతుంటే ఒక పొద్దున బావను పిలిచారు. వాషర్ మార్చి నట్టు బిగించాలి. చెయ్యి వణికింది. నట్టు మరకు పట్టలేదు. మళ్ళీ మళ్ళీ పెట్టాడు, జారి కింద పడింది. ఆ ఇంటి ఇల్లాలు "పోనియ్యి అన్నా, తర్వాత సూద్దాం" అంది. బావ అక్కడి నుంచి లేచి, ఇంటికి పోకుండా, నాచారం నుంచి ఉప్పల్లో ఉన్న మా ఇంటికి నడుచుకుంటూ వచ్చాడు. చెప్పులు లేవు. గుమ్మం దగ్గరే నిలబడి చెప్పాడు.

"ఒక గుటక ఏస్తె చెయ్యి ఆగుతది. గుటక లేకుంటె నట్టు ఎక్కది. అంటె ఇన్నొద్దులు పని చేసింది నేను కాదు బామ్మర్ది, గది. నన్ను దవాఖానల పడెయ్."

పడేశాం. ఆ వారాల గురించి రాయను. అక్క పక్కన ఉంది, పెద్దబావ రెండుసార్లు వచ్చాడు, రెండోసారి సంచిలో ఏదో తెస్తే వార్డు ఆయా బయటికి పంపింది. బావ బయటపడ్డాడు. ఆ తర్వాత ఒక్క చుక్క ముట్టలేదు. నేను విన్నదే కాదు, చూసిందీ రాస్తున్నాను. ముట్టలేదు.

మానేసిన మనిషి రోజు ఎలా గడుస్తుందో నాకు బావను చూశాకే తెలిసింది. చొక్కా జేబులో ఎప్పుడూ పల్లీపట్టీ ఉండేది. మనసు అటు లాగినప్పుడు ఒక ముక్క కొరికేవాడు. పోచారం నుంచి వచ్చేటప్పుడు బస్సు తన స్టాపు కంటే ముందే దిగి, వైన్స్ ఉన్న మూల తప్పించి వెనక గల్లీలోంచి చుట్టూ తిరిగి ఇంటికి వచ్చేవాడు. వాన పడినా అదే దారి. దావత్‌కు వెళ్తే ముందుగా ఒక గ్లాసులో కూల్‌డ్రింక్ పోసుకుని చేతిలో పట్టుకునేవాడు. ఖాళీ చెయ్యి కనిపిస్తే మనవాళ్ళు ఊరుకోరు కదా.

అయినా ఎవరో ఒకరు పట్టుకునేవాళ్ళు. "ఏందిరా, సన్నాసం తీసుకున్నవా?"

"నా కోటా అయిపోయిందే. మీరందరు ఇంక నిదానంగ తాగుతున్నరు, నేను ముందే గుంజేసిన" అనేవాడు బావ. అందరూ నవ్వి వదిలేసేవాళ్ళు. పెద్దబావ మాత్రం నవ్వేవాడు కాదు. తమ్ముడు తనతో కూర్చోవడం మానేశాడన్న బాధ ఆయనది. "మేం కలిసి పుట్టలేదు గని, కలిసి తాగినం" అని నాతో ఒకసారి అన్నాడు. అది కోపం కాదు.

మేనల్లుడు మైక్రోబయాలజీ చదివాడు. మొదట ఒక ఫుడ్ ల్యాబ్‌లో చేరాడు. తర్వాత ఉద్యోగం మారాడు. బీరు కాచే చోట.

ఇక్కడ నా బీట్, అంటే నేను వార్తలు రాసే వైపు సంగతి కొంచెం చెప్పాలి. ఒకప్పుడు బీరు ఫ్యాక్టరీ అంటే ఊరి బయట ఎకరాల్లో ఉండేది. ఇప్పుడు ఒక షెడ్డు చాలు. అద్దం వెనక స్టీలు ట్యాంకులు, అద్దం ముందు బల్లలు. అక్కడే కాచి, అక్కడే పులియబెట్టి, అక్కడే గ్లాసుల్లో పోస్తారు. అనుమతులిచ్చిన కొత్తలో ఇవన్నీ నగరానికి పడమర, ఐటీ ఆఫీసుల చుట్టూ వచ్చాయి. తర్వాత తూర్పు వంతు వచ్చింది. పోచారం క్యాంపస్‌లో పనిచేసేవాళ్ళు, ఘట్‌కేసర్ దాకా లేచిన కొత్త అపార్ట్‌మెంట్లవాళ్ళు ఒక గ్లాసు కోసం నగరం ఆ చివరికి పోవడమెందుకని ఎవరికో తోచింది. నాచారంలో మూతపడ్డ షెడ్లు ఎత్తైన కప్పులతో ఖాళీగా ఉన్నాయి. మరలు తీసేసిన చోట ట్యాంకులు దిగాయి. మిగిలిన బార్లీ పిప్పిని బోడుప్పల్ నుంచి బర్రెలవాళ్ళు ట్రాలీ ఆటోల్లో వచ్చి తీసుకెళ్తున్నారు.

కొడుకు ఎక్కడ చేరాడో బావకు చెప్పొద్దని అక్క నిర్ణయించింది. "ఫుడ్ కంపెనీల క్వాలిటీ సూస్తడు" అని చెప్పింది. కొన్ని నెలలు అలాగే గడిచింది. ఒకరోజు నేనూ వాళ్ళింట్లో అన్నానికి కూర్చున్నాను. బావ పప్పు కలుపుకుంటూ, తల ఎత్తకుండా, కొడుకును అడిగాడు.

"బార్లీ ఏడికెళ్ళి వస్తదిరా మీకు?"

అక్క చేతిలో గరిటె ఆగిపోయింది. వాడు నన్ను చూశాడు. నేను కంచంలోకి చూశాను.

"ఉత్తరాది నుంచి వస్తది డాడీ" అన్నాడు వాడు.

"మంచిగుంటదా?"

"ఉంటది."

"నీ ప్యాంటు మడతల్ల ఎప్పుడు సూడు దాని పొట్టే. మీ అమ్మ ఉతికేముందు దులపదు, ఎన్నిసార్లు చెప్పిన" అన్నాడు బావ. అక్కకు ఎప్పుడూ చెప్పలేదు. అన్ని నెలలూ తనే దులుపుతూ వచ్చాడు.

తూర్పు వైపు వస్తున్న ఈ బ్రూవరీల మీద రాయమని మా ఆదివారం పేజీవాళ్ళు అడిగారు. మేనల్లుడు పనిచేసే చోటుకే వెళ్దామనుకున్నాను. బావకు తెలిసి, "నన్ను సుత తీస్కపో" అన్నాడు.

"బావా, అక్కడ అంత అదే వాసనుంటది."

"వాసనకేం లైసెన్స్ కావాల్నా? వాని జాగ ఎట్లుందో సూడాలె. పోదాం పా."

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే వెళ్ళాం. ఆ చోటికి పెట్టుకున్న థీమ్ ఫ్యాక్టరీ. గేటు దగ్గర ఖాకీ బట్టల వాచ్‌మన్ మాకు ఒక్కొక్క అట్టముక్క ఇచ్చాడు, పాత పంచింగ్ కార్డులా. ఏది తెప్పించుకున్నా దాని మీద చిల్లు పొడుస్తారు. అందించేవాళ్ళు ఫ్యాక్టరీ పనివాళ్ళలా నీలం డాంగ్రీలు వేసుకున్నారు. బల్లలకు నట్లూ బోల్టులూ పైకి కనిపించేలా బిగించారు. ఒక గోడ నిండా ఎర్ర రంగుతో 'కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి' అని రాసి, దాని ముందు ఫొటో దిగడానికి దీపాలు పెట్టారు. ఇద్దరమ్మాయిలు పిడికిళ్ళు ఎత్తి ఫొటో దిగుతున్నారు.

బావ గోడ ముందు కాసేపు నిలబడ్డాడు. "మేం గింత నీట్‌గ రాయలే. బ్రష్ ఎక్కడిది? చీపురు ముంచి రాసినం. సగం మా కాళ్ళ మీదనే పడ్డది" అన్నాడు.

పక్క బల్ల దగ్గరున్న కుర్రాడు బావను గుర్తుపట్టాడు. బావ పనిచేసే అపార్ట్‌మెంట్లో ఉంటాడట. "అంకుల్, మీరూ వస్తారా ఇక్కడికి?"

"పాత ఎంప్లాయీని బిడ్డా" అన్నాడు బావ. వాళ్ళంతా నవ్వారు. బావా నవ్వాడు.

డాంగ్రీ వేసుకున్న అమ్మాయి మెనూ తెచ్చింది. బీర్లకు పేర్లున్నాయి. ఫస్ట్ షిఫ్ట్, సెకండ్ షిఫ్ట్, నైట్ షిఫ్ట్. అన్నిటికంటే కింద, నల్లటి అక్షరాల్లో, లాకౌట్.

"ఫస్ట్ షిఫ్ట్ ట్రై చేస్తారా సార్? లైట్‌గ ఉంటది."

"నాది జనరల్ షిఫ్ట్ తల్లీ. నాకు మంచినీళ్ళు దే" అన్నాడు బావ. కానీ వేలు మెనూ మీదే, ఆ చివరి పేరు మీదే ఉంది.

అప్పుడే సైరన్ మోగింది. తక్కువ ధరల గంట మొదలైందని చెప్పడానికి అక్కడ రోజూ మోగిస్తారట. నిజం సైరనే, ఏదో పాత ఫ్యాక్టరీ నుంచి కొని తెచ్చింది. కుర్రాళ్ళు ఈలలు వేశారు. బావ లేచి నిలబడ్డాడు. తను లేచినట్టు తనకే తెలియలేదు. కుడిచెయ్యి చొక్కా జేబులో కార్డు కోసం తడుముతోంది. సైరన్ ఆగాక చుట్టూ చూసి, నెమ్మదిగా కూర్చున్నాడు. అమ్మాయి తెచ్చిన నీళ్ళు సగం తాగాడు.

"గేటు మూసినంక మళ్ళ ఇయ్యాల్నే ఇన్న" అన్నాడు.

మేనల్లుడు అద్దం తలుపు తీసుకుని గంబూట్లతో బయటికి వచ్చాడు. తండ్రిని అక్కడ చూసి ఎలా నిలబడాలో వాడికి తెలియలేదు. బావ మెనూ వాడి ముందుకు జరిపాడు.

"ఈ పేర్లు ఎవరు పెట్టిన్రు?"

"నేనే డాడీ. ఓనర్ ఫ్యాక్టరీ థీమ్ అన్నడు. చిన్నప్పటి నుంచి ఇంట్ల ఇన్న మాటలు ఇవే గదా."

"లాకౌట్ అంటె ఏందో ఈ పిలగాండ్లకు ఎర్కేనా?"

"ఎర్క లేదు."

"చేదుగుంటదా?"

"అన్నిట్ల ఎక్కువ చేదు అదే."

"ఆఁ. గట్లనే ఉండాలె" అన్నాడు బావ.

వాడు మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళాడు. బావ ట్యాంకు అతుకుల మీద వేళ్ళతో రాస్తూ వెళ్ళాడు. వెల్డింగ్ నచ్చినట్టుంది, తల ఊపాడు. వాడు ఒక పెద్ద పాత్ర దగ్గర ఆగి, చిన్న గ్లాసులో తేనెరంగు ద్రవం పట్టుకొచ్చాడు. ఆవిరి వస్తోంది.

"డాడీ, ఇది తాగు. ఇది బీరు కాదు. ఇంకా ఈస్ట్ ఎయ్యలే. ఉత్త బార్లీ నీళ్ళు, తియ్యగుంటయి. ఇందుల మత్తు ఏం లేదు. నీకోసమే తీసి పెట్టిన."

వాడు చెప్పింది నిజమే. ఈస్ట్ వేసేదాకా అందులో మత్తు పుట్టదు. తన పనిలో తండ్రి నోట పెట్టుకోగలిగిన ఒకే ఒక్క దశను వాడు ముందే ఆలోచించి పెట్టుకున్నాడు. బావ గ్లాసు అందుకున్నాడు. ముక్కు దాకా తెచ్చుకున్నాడు. చాలాసేపు అలాగే పట్టుకున్నాడు. తర్వాత నాకిచ్చాడు.

"నువ్వు తాగి చెప్పు బామ్మర్ది."

తాగాను. తియ్యగా, వేయించిన గింజల రుచితో ఉంది. అదే చెప్పాను. వాడు నా మాట వినలేదు. తండ్రి చేతినే చూస్తున్నాడు.

"మంచి పని చేస్తున్నవ్ బిడ్డా. జాగ నీట్‌గుంది" అన్నాడు బావ. వాడు "ఊఁ" అని ఖాళీ గ్లాసు తీసుకుని కడగడానికి వెళ్ళాడు.

బయటికి వచ్చి బస్ స్టాప్ వైపు నడిచాం. బావ పల్లీపట్టీ తీశాడు కానీ కొరకలేదు.

"వాడు నొచ్చుకున్నడు గదా?"

"కొంచెం."

"వాడు జేసింది మంచిగనే ఉండొచ్చు. నేను మంచిగ లేను. నా నాలుకకు గది ఇది అని తేడా తెల్వది. షురూ ఐతె సాలు దానికి." కొంత దూరం నడిచాక అన్నాడు, "డాక్టర్ చెప్పిండు. నా లివర్ అయిపోయిందట. మీ అక్కకు ఇంక చెప్పలే."

ఆ పూట నేను అడగని ప్రశ్నలే ఎక్కువ.

"నాకొక పని చెయ్యాలె నువ్వు. పిట్టకు పెట్టే దినం మా అన్న సీసా తెస్తడు. తెస్తడు, నాకెర్కే. పెట్టనియ్యకు. వీని బీరు సుత పెట్టనియ్యకు. నేను ఇంతగనం కష్టపడి ఆపిన. సచ్చినంక నా నోట్లె పోస్తె ఇగ నేను ఆపినట్టెట్ల?"

ఆపుతానని చెప్పాను.

తర్వాత అంతా వేగంగా జరిగింది. కడుపు ఉబ్బేది, సూదితో నీరు తీసేవాళ్ళు, మళ్ళీ ఉబ్బేది. వార్డులోకి వచ్చిన ప్రతి కొత్త డాక్టరూ "మందు అలవాటుందా?" అని అడిగేవాడు. "ఉండె. ఇప్పుడు లేదు. ఏండ్లయింది" అని బావ ప్రతిసారీ చెప్పేవాడు. డాక్టర్ మొదటి మాట దగ్గరే రాసుకోవడం మొదలుపెట్టేవాడు. పక్క మంచమాయన ఒకసారి అడిగాడు, "మానేసినవట గదా, మరి ఎందుకొచ్చినవ్ ఈడికి?" బావ కళ్ళు మూసుకునే జవాబిచ్చాడు. "పాత బిల్లు వచ్చిందన్నా." ఆయన నవ్వాడు. ఆ సాయంత్రం నుంచి వాళ్ళిద్దరూ పండ్లు పంచుకున్నారు. మేనల్లుడు పని నుంచి నేరుగా వచ్చేవాడు. వార్డు బయట నల్లా దగ్గర మోచేతుల దాకా చేతులు కడుక్కుని, బ్యాగులోంచి వేరే చొక్కా తీసి మార్చుకుని, అప్పుడు లోపలికి వెళ్ళేవాడు.

మట్టి ఇచ్చిన రోజు డప్పులు వచ్చాయి, ఆ వెంట మందూ వచ్చింది. అది మా దగ్గర ఆనవాయితీ, పెద్దబావే అంతా చూసుకున్నాడు. పాడె ముందు వరుసలో తమ్ముడిని మోసిందీ ఆయనే. ఆయన ఏనాడూ మానలేదు. మానేసిన తమ్ముడు పోయాడు, మానని అన్న మోస్తున్నాడు. వచ్చినవాళ్ళు దీన్నుంచి తమకు కావలసిన పాఠం తీసుకున్నారు. "ఇన్నేండ్లు మానేసి ఏం సాధించిండు?" అని నా వెనక ఒకాయన అన్నాడు. ఆయనకు అక్కడ చెప్పలేదు, ఇక్కడ చెబుతున్నాను. ఆ ఏళ్ళన్నీ సాయంత్రాలు మా అక్క ఇంట్లో భయం లేకుండా తలుపు తీసింది. కొడుకు తండ్రితో మాట్లాడటానికి పొద్దున దాకా ఆగనక్కర్లేకపోయింది. నేను చూసింది ఇది.

మూడో నాడు పొద్దున్నే చెరువు పక్కనున్న మా శ్మశానానికి వెళ్ళాం. అక్క ఆకు పరిచింది. అన్నం, మటన్, గుడ్డు, పల్లీపట్టీలు. మేనల్లుడు ఒక గ్లాసు మంచినీళ్ళు పెట్టాడు. అందరం వెనక్కి జరిగి నిలబడ్డాం.

కాకి రాలేదు. నాచారంలో ఇప్పుడు కాకులు తక్కువ, పావురాలే ఎక్కువ. పావురాలు గోడ మీద కూర్చుని చూశాయి. ఎండ ఎక్కింది. అక్క చేతులు జోడించి "ఏం కావాలె నీకు, పిల్లగాన్ని నేను సూసుకుంట, ఫికర్ జెయ్యకు" అంది. రాలేదు. కోరిక ఏదో మిగిలిందని ముసలివాళ్ళు గొణగడం మొదలుపెట్టారు.

"నీళ్ళు పెట్టిన్రు. నీళ్ళకు వస్తడా మావోడు?" అన్నాడు పెద్దబావ. భుజానున్న సంచిలోంచి సీసా తీశాడు.

నేను ముందుకు వెళ్ళి చెయ్యి అడ్డం పెట్టాను. "వద్దు పెద్దబావా. వద్దని నాతోని చెప్పి పోయిండు."

"బతికినప్పుడు వద్దన్నడు. ఇప్పుడేంది? సచ్చినోనికి లివర్ ఉంటదా?"

ఒకరిద్దరు నవ్వారు. పెద్దబావ నవ్వలేదు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నా తమ్ముడు నాలుకెండి, దూపతోని పోతున్నడు. మీకు కనబడ్తలేదా? ఇన్నేండ్లు దూపతోనే ఉన్నడు వాడు. మీరందరు కలిసి వాన్ని ఎండబెట్టిన్రు" అన్నాడు. తర్వాత మేనల్లుడి వైపు తిరిగాడు. "నువ్వు జెప్పురా. ఊరందరికి గ్లాసులల్ల నింపి పోస్తవు. కన్నతండ్రికి ఒక్క చుక్క పొయ్యవా?"

వాడు తను పెట్టిన నీళ్ళ గ్లాసు వైపు చూశాడు. పెద్దబావ నా చెయ్యి పక్కకు తోశాడు. బలంగా తోయలేదు. తమ్ముణ్ణి పోగొట్టుకున్న ముసలివాడి చెయ్యి అది, పట్టుకుని విరవలేకపోయాను. ఆయన మూత తీసి, తల వైపున మట్టి మీద సీసా మొత్తం పోశాడు. చుక్కలు కాదు, మొత్తం. అక్క కొంగు నోట్లో కుక్కుకుని అటు తిరిగింది.

కొంచెంసేపటికి కాకి వచ్చింది. మటన్ ముక్క తీసుకుని పోయింది. మటన్ కోసమే వచ్చిందని నేను అనుకుంటున్నాను. కానీ అందరూ చేతులు జోడించారు. "సూసిన్రా" అన్నాడు పెద్దబావ, ఏడుస్తూ. ఇప్పుడు మా బంధువుల్లో ఇదే స్థిరపడిపోయింది. మందు పోస్తేనే వచ్చాడట.

వెనక్కి తిరిగి చూడకుండా పోవాలని పెద్దలు చెప్పారు. అందరూ కాళ్ళు కడుక్కోవడానికి గేటు దగ్గర నల్లా వైపు నడిచారు. మేనల్లుడు మా వెంట లేడని గమనించి నేను ఆగి తిరిగి చూశాను.

వాడు తండ్రి తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తడిసిన మట్టిని రెండు చేతులా తోడుతున్నాడు. దోసిలి నిండాక లేచి, గోడ దాకా నడిచి, అవతల పడేసి వస్తున్నాడు. మళ్ళీ తోడుతున్నాడు. గుంట కాస్త లోతయ్యాక ఆగాడు. అడుగు నుంచి చిటికెడు మట్టి తీసి, కళ్ళు మూసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత కళ్ళు తెరిచి, మళ్ళీ తవ్వడం మొదలుపెట్టాడు.